చెయిన్ల పెట్టె ఉన్న చోటు

పన్నెండేళ్ళుగా ఒక ఇనుప చెయిన్ల పెట్టెను మోస్తున్నాను. చేతులతో మోసింది కాస్త దూరమే. కారు డిక్కీ దగ్గర్నుంచి, ఇంటి కింద సామాన్లు పెట్టుకునే కెల్లర్‌లో చెక్క అర దాకా. అక్కడితో దించేశాననుకున్నాను. దిగలేదు. పడుకుంటే గుండె మీద ఉంటుంది. చర్చిలో మోకరిస్తే మోకాళ్ళ కింద గుచ్చుకుంటుంది. ఆదివారం అందరితో కలిసి జర్మన్‌లో ఒప్పుకోలు ప్రార్థన గడగడా చెప్తాను. ఆ ప్రార్థనలో నా పెట్టె ఉండదు. అందరి పాపాలూ కలిపి ఒక్క మాటలో చెప్పేస్తే ఎవరి పాపమూ బయటపడదు. అది నాకు బాగా కలిసొచ్చింది.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యం లేక ముందు మీకు చెప్తున్నాను. నేను చదువుకున్నదాన్ని కాను. అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. వాక్యం వంకర పోతే సర్దుకుని చదవండి. విషయాన్ని మాత్రం వంకర పోనివ్వను.

మేముండేది స్టుట్‌గార్ట్ పక్కన ఒక చిన్న ఊళ్ళో. మా ఆయన తూర్పుగోదావరి ఏజెన్సీలో మిషన్ ఆసుపత్రికి జీపు నడిపేవాడు. అక్కడ పనిచేసిన జర్మన్ డాక్టరు ఒకాయన తిరిగి వెళ్తూ, బండి పని తెలిసిన మనిషని మా ఆయన్ని ఇక్కడ కారు విడిభాగాల ఫ్యాక్టరీలో పెట్టించాడు. వెనకాల నేనూ వచ్చాను. ఆసుపత్రి వంటింట్లో గిన్నెలు కడిగాను. మా ఒక్కగానొక్క కూతురు ఎస్తేరు ఇక్కడే పుట్టింది. ఆయన పోయాక దాని పెళ్ళి చేశాను. అల్లుడు ప్రసాదు గుంటూరు వైపు అబ్బాయి, చదువు కోసం వచ్చి ఇంజనీరుగా ఉండిపోయాడు. కార్ల బ్రేకులు పరీక్షించే ఉద్యోగం. మా ఇంట్లోనే కాపురం పెట్టారు. వాళ్ళకు ఒక పిల్ల, లియా.

నాకు అల్లుడంటే గిట్టేది కాదు. ఇప్పుడు మంచిదాన్నని చెప్పుకుని ఏం లాభం? గిట్టేది కాదు. చెడ్డవాడా అంటే కాదు. తాగడు, అరవడు, నా కూతుర్ని ఒక్క మాట అనడు. అతని జాగ్రత్త నాకు పడేది కాదు. ఏ వస్తువు తీసినా తీసినచోటే పెడతాడు. పొయ్యి ఆపితే చూసి ఆపుతాడు, తలుపు వేస్తే చూసి వేస్తాడు. వేశానా లేదా అని వెనక్కి తిరిగి చూడడం అతనికి తెలియదు. ఆ అవసరం రాదు. ఈ సంగతి మీరు మర్చిపోవద్దు, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

మా ఆయన వేరు. ఘాట్ రోడ్డు మీద ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో బీడీ. ఇక్కడికొచ్చాక కొన్న పాత కారుకు వెనక చక్రాలే బండిని తోసేవి. మంచు పడగానే డిక్కీలో రెండు ఇసుక బస్తాలు పడేసేవాడు. "బరువుంటే బండి నేలను పట్టుకుంటదే" అనేవాడు. మంచు గురించి నాకు తెలిసింది ఆ ఒక్క మాటే. అంతకు మించి తెలుసుకోవాల్సింది ఏమీ లేదనుకున్నాను. మగాడంటే అలా ఉండాలనీ అనుకున్నాను.

లియాకు ఏడేళ్ళు వచ్చిన ఏడు, బళ్ళో పిల్లలంతా సెలవుల్లో కొండకెళ్ళి స్కీయింగ్ చేసొచ్చేవాళ్ళు. ఇది ఇంట్లో కూర్చునేది. ఒకరోజు భోజనం దగ్గర, "సోమవారం అందరూ కొండ గురించి చెప్తారు పప్పా, నేనేం చెప్పాలి?" అంది. ప్రసాదు చేతిలో ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశాడు. ఆ వారమే సీజన్ పాస్‌లు కొంటానన్నాడు.

సీజన్ పాస్ అంటే ఒక అట్టముక్కలాంటి కార్డు. అది చేతిలో ఉంటే చలికాలమంతా ఎన్నిసార్లైనా తీగ మీద నడిచే డబ్బాలో కొండెక్కొచ్చు. ఆకులు రాలకముందే కొంటే చవక. కొన్నాక మంచు పడినా పడకపోయినా వెనక్కి తీసుకోరు. కార్డు మీద ఫొటో ఉండాలి. వంటింటి తెల్లగోడకు ఒక్కొక్కరినీ నిలబెట్టి తనే తీశాడు. నన్నూ నిలబెట్టాడు.

"నా మొహం చూసి కొండ ఏం చేసుకుంటది?" అన్నాను.

"పైకెక్కి కాఫీ తాగి దిగొద్దురు గాని అత్తయ్యా. మిమ్మల్నొక్కర్నే కింద కూర్చోబెడతామా?" అన్నాడు.

లోపల సంతోషమేసింది. పైకి మాత్రం మూతి ముడుచుకునే ఉన్నాను. ఆ ఫొటోలో కూడా అలాగే ఉన్నాను. కార్డు ఇంకా నా దగ్గరే ఉంది.

తర్వాత కారు. మా చిన్న కారు చలికాలంలో కొండలకు పనికిరాదన్నాడు. వారాల తరబడి వెతికి రెండు తేల్చాడు. ఒకటి నాలుగు చక్రాలూ తిరిగే ఎత్తు బండి, పాతది. ఎస్తేరుకు అదే నచ్చింది. రెండోది పొడుగాటి డిక్కీ ఉన్న బండి, ముందు చక్రాలే తిరుగుతాయి, కానీ కొత్తది. ప్రసాదు టార్చిలైటు పట్టుకుని ఎత్తు బండి కిందికి పాక్కుంటూ దూరాడు. బయటికొచ్చేసరికి జుట్టు నిండా తుప్పు. "నాలుగు చక్రాలూ తిరిగితే ఎక్కడం తేలిక. ఆగడానికి బ్రేకులే దిక్కు. ఎక్కలేకపోతే ఇంటికొచ్చేస్తాం ఎస్తేర్, ఆగలేకపోతే ఇంటికి రాం" అన్నాడు. రెండోదే తీసుకున్నాడు. దానికి మంచి చలికాలం టైర్లు వేయించాడు. మరీ ఎక్కువ మంచున్నచోట టైర్లకు చుట్టడానికి చెయిన్లు తెచ్చాడు, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో. ఈ పెట్టె ఉంటే మన బండి ఎక్కడికైనా ఎక్కుతుందన్నాడు.

ఆ చెయిన్లు చుట్టడం ఇంటి ముందు నేర్చుకునేవాడు. పాత చాప పరుచుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం. నేను కిటికీలోంచి చూసి, "మీ ఆయన బండికి గజ్జెలు కడుతున్నాడే!" అని ఎస్తేరుతో అన్నాను. అది పడీపడీ నవ్వింది. అతనికీ వినిపించింది. అతనూ నవ్వాడు.

బయల్దేరే ముందురోజు కూడా కట్టి విప్పాడు. తుడిచి, పెట్టెలో సర్ది, డిక్కీలో ఎడమవైపు పక్కన ఒక గుంటలాంటి చోటుంటే అందులో దింపాడు. కదలకుండా కూర్చుంది. నన్ను పిలిచి చూపించాడు.

"అత్తయ్యా, మీరు ఎన్ని డబ్బాలైనా పెట్టుకోండి. ఈ పెట్టె ఒక్కటి మాత్రం ముట్టుకోకండి."

చెప్పాడు. నాకు స్పష్టంగా చెప్పాడు. తెలియక చేశానని తప్పించుకునే దారి నాకు లేదు.

నాకు ఒళ్ళు మండింది. ముట్టుకోవద్దా? నా మొగుడి కష్టంతో కొన్న ఇంటి ముందు నిలబడి నాకే చెప్తాడా? చిన్న మాటే. గుంటూరు యాసలో మెల్లగా అన్న మాట. దాన్ని తీసుకెళ్ళి లోపల పులియబెట్టుకున్నాను. చీకటి పడ్డాక ఇంకోసారి ఆ పెట్టె తీసి, కట్టి విప్పి, మళ్ళీ ఆ గుంటలోనే దింపడం కిటికీలోంచి చూశాను.

పొద్దున్న సామాన్లు సర్దింది నేను. మేమెక్కడికెళ్ళినా మా వంటిల్లు మాతో రావాల్సిందే. కొండ మీద అద్దె ఇంట్లో వారం ఉండాలి. బియ్యం, కుక్కరు, ఆవకాయ, పప్పులు, ఇడ్లీ రేకులు. అన్నిటికన్నా తంటా ఇడ్లీ పిండి. రుబ్బి పెద్ద స్టీలు గిన్నెలో పోసి, మూతపెట్టి గుడ్డ కట్టాను. ఎక్కడ పెట్టినా ఒరుగుతోంది. అప్పుడు చూశాను ఆ గుంట. గిన్నె కోసమే చేసినట్టుంది. ప్రసాదు పైన పిల్ల బూట్లు వెతుకుతున్నాడు. పెట్టె తీశాను. గిన్నె దింపాను. అమరిపోయింది. గిన్నె పెట్టెకన్నా బరువు. బరువుంటే బండి నేలను పట్టుకుంటుందని మా ఆయన చెప్పాడు కదా.

పెట్టెను కెల్లర్‌లోకి తీసుకెళ్ళి, వేసవి టైర్ల పక్కన అర మీద పెట్టి వచ్చాను.

ముట్టుకోవద్దన్నందుకే ముట్టుకున్నానా? చాలాసార్లు అడుక్కున్నాను. కొంత అదీ ఉంది. చేరాక చెప్దామనుకున్నానా? లేదు. వారం గడిచి తిరిగొచ్చాక, కాఫీ కలుపుకుంటూ, "చూశావా ప్రసాదూ, నీ గజ్జెలు లేకుండానే పోయొచ్చాం" అందామనుకున్నాను. ఆ మాటను మనసులో ఎన్నోసార్లు అనుకుని చూసుకున్నాను కూడా. బయల్దేరేముందు కారులో ప్రసాదు ప్రార్థన చేశాడు. అందరికన్నా గట్టిగా ఆమేన్ అన్నది నేనే.

ఆల్గోయ్ కొండలు దగ్గరపడేదాకా ఎండగానే ఉంది. మధ్యాహ్నం తిన్న తర్వాత మంచు మొదలైంది. కొండ రోడ్డు ఎక్కుతుంటే తెల్లగా తప్ప ఏమీ కనిపించదు. ఒకచోట నీలం రంగు గుండ్రటి బోర్డు, మీద చెయిన్ చుట్టిన టైరు బొమ్మ. ఇక్కణ్ణుంచి చెయిన్లు లేకుండా వెళ్ళకూడదని. నారింజ రంగు కోటు వేసుకున్న మనిషి బండ్లను పక్కకు తీయిస్తున్నాడు. అందరూ దిగి తంటాలు పడుతున్నారు. ప్రసాదు మొహం వెలిగిపోయింది. ఆ మొహం నాకిప్పటికీ కనిపిస్తుంది. ఇన్నాళ్ళూ నేర్చుకున్న పని చూపించే రోజు వచ్చింది. "లియా, పప్పా ఎంత తొందరగా కడతాడో చూడు" అని చేతి తొడుగులు వేసుకుని దిగాడు.

డిక్కీ తెరిచాడు. చలిగాలి మా మెడల మీదికి వచ్చింది. డబ్బాలు అటూ ఇటూ జరుపుతున్న చప్పుడు.

"అత్తయ్యా, ఇక్కడ పెట్టె ఉండాలి."

"ఏ పెట్టె?"

"చెయిన్ల పెట్టె. మీరు పిండిగిన్నె పెట్టినచోట."

అప్పుడు చెప్పొచ్చు. ఒక్క మాట. తీశాను బాబూ, నాది తప్పు. తిట్టేవాడా? తిట్టేవాడు కాదు. పళ్ళు కొరుక్కునేవాడు. ఎస్తేరు రెండు మాటలనేది. వెనక్కి తిరిగి ఇంటికెళ్ళేవాళ్ళం. అంతే కదా పోయేది? అయినా నా నోట్లోంచి వచ్చింది ఇది:

"ఆ చోటు ఖాళీగానే ఉంది బాబూ. ఖాళీగా ఉందనే గిన్నె పెట్టాను."

"ఖాళీగా ఉందా? నిజంగానా?"

"అబద్ధమాడతానా ఏంటి?"

ఎస్తేరు వెనక్కి తిరిగింది. "నిన్న మళ్ళీ ప్రాక్టీసని బయటికి తీశావుగా. కెల్లర్‌లో వదిలేసుంటావ్."

"లేదు ఎస్తేర్. మళ్ళీ పెట్టాను." గిన్నె పక్కకు జరిపి మళ్ళీ చూశాడు. "పెట్టాననే అనుకుంటున్నా."

నేను చేసింది అక్కడుంది. పెట్టెలో కాదు, ఆ రెండు మాటల మధ్య. పెట్టాను అన్న మనిషి నా కళ్ళ ముందే పెట్టాననుకుంటున్నా అనే మనిషైపోయాడు. నాకు తెలుసు అతను పెట్టాడని. భూమ్మీద ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నేను కొంగు సర్దుకుని కిటికీవైపు చూస్తూ కూర్చున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. దీన్ని దాస్తే ఇంత రాసీ దండగ. ఆ క్షణంలో నాకు తృప్తిగా ఉంది. భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది తృప్తి.

కోటు మనిషి చెయిన్లు లేకపోతే వెనక్కి తిప్పమన్నాడు. ప్రసాదు బండి తిప్పాడు. స్టీరింగు మీద చేతులు మాటిమాటికీ మారుస్తున్నాడు. నేను వెనక సీట్లోంచి చూస్తున్నాను. నిజం చెప్పుంటే కోపంతోనైనా ఆ చేతులు గట్టిగా ఉండేవేమో. ఏమో. వంపు దగ్గర బండి జారింది. వేగంగా కాదు, మెల్లగా, ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు. బ్రేకుల గురించి అన్నీ తెలిసిన మనిషి బ్రేకు మీద కాలుపెట్టి చూస్తూ కూర్చోవలసి వచ్చింది. రోడ్డు పక్క చెక్క కంచెకు వెళ్ళి గుద్దుకుంది, లియా కూర్చున్న వైపు. కంచె అవతల లోయ. అద్దం పగిలింది. పిల్ల కనుబొమ్మ తెగి మొహమంతా రక్తం. వెనక గిన్నె మూత ఊడి పిండంతా ఒలికింది. మంచు వాసన, రక్తం వాసన, పులిసిన పిండి వాసన. ఆ తర్వాత నేను ఇడ్లీ వండలేదు. మోకాళ్ళ నొప్పి, రుబ్బలేనని చెప్పాను. అదీ అబద్ధమే. రుబ్బేది మిక్సీ కదా.

ఒక రైతు ట్రాక్టరుతో లాగాడు. ఊళ్ళో డాక్టరు కుట్లు వేశాడు. కొద్దిలో కంటికి తప్పిందన్నాడు. ఆసుపత్రి గుమ్మంలో ఎస్తేరు ప్రసాదును అన్న మాటలు రాయను, కూతురిది కాదు కదా తప్పు. నాలుగు చక్రాల బండి కొననందుకూ అంది, పెట్టె మర్చిపోయినందుకూ అంది. అన్నిటికీ అతను అవునన్నాడు.

ఇంటికొచ్చిన రోజు తిన్నగా కెల్లర్‌లోకి దిగాడు. పెట్టెను రెండు చేతులతో పట్టుకుని పైకొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "టైర్ల పక్కనే ఉంది. నేనే మర్చిపోయాను" అన్నాడు. నేను పొయ్యివైపు తిరిగి ఉన్నాను. వెళ్ళిపోతాడనుకుంటే వెళ్ళలేదు.

"సారీ అత్తయ్యా. దారిలో మిమ్మల్ని అనుమానంగా అడిగాను."

"పర్లేదులే బాబూ" అన్నాను.

దేవుడా, పర్లేదన్నాను. నేను అతన్ని క్షమించాను!

మొదట్లో సర్దుకుంటాడనుకున్నాను. ఒకరోజు పొద్దున్న ఎస్-బాన్ స్టేషన్ దాకా వెళ్ళి, రైలు వదిలేసి తిరిగొచ్చాడు. తలుపు తాళం వేశానో లేదో చూడడానికి. వేసే ఉంది. తర్వాత అది రోజూ అయింది. గేటు దాకా వెళ్ళడం, మళ్ళీ మెట్లెక్కి రావడం, తలుపు పిడి లాగి చూడడం. పొయ్యి దగ్గరికొచ్చి ఒక్కో మీటా వేలితో ముట్టి చూడడం. ఆఖరికి ఆఫీసులో కూడా, బ్రేకులు సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టే పని తనకొద్దన్నాడు. తన సంతకం నమ్ముకుని ఒకరు బండెక్కడం అతనికి భయం. కాగితాలు అటూ ఇటూ చేసే పనిలోకి మారాడు. కారు అమ్మేశాడు. ఎన్నిసార్లు కడిగినా అందులో పిండి వాసన పోలేదని కొన్నవాడు బేరమాడాడట. ఆ తర్వాత ప్రసాదు స్టీరింగు పట్టుకోలేదు. ఇప్పుడున్న బండి ఎస్తేరే నడుపుతుంది. సీజన్ పాస్‌లు ఒక్కసారైనా వాడకుండా సొరుగులో పడి ఉన్నాయి.

మన తెలుగువాళ్ళు కలిసినచోట అదొక నవ్వులాట అయింది. క్రిస్మస్ భోజనాల్లో, పుట్టినరోజుల్లో, "ఏం ప్రసాద్ గారూ, చెయిన్లు తెచ్చారా?" అనేవాళ్ళు. ఇంజనీరు కదా, ఇంజనీర్ల మధ్య. అతనూ నవ్వి, "నన్నడక్కండి, మా ఆవిణ్ణడగండి" అనేవాడు. నేనూ నవ్వేదాన్ని. వాళ్ళతో కలిసి.

నేనెందుకు చెప్పలేదు? మొదటి వారం భయం. మొదటి ఏడు సిగ్గు. ఆ తర్వాత? ఆ తర్వాత నాకు బాగుంది. ఎస్తేరు ప్రతిదానికీ నన్నే అడిగేది. "అమ్మా, నువ్వు చూడు, ఆయన్ని నమ్మలేం" అనేది. ఇల్లు మళ్ళీ నాదైంది. ఆ సుఖం పన్నెండేళ్ళు తిన్నాను. లియా తల దువ్వేటప్పుడు కనుబొమ్మ మీద గీత కనిపించేది. దువ్వెన అక్కడ ఆగేది. మళ్ళీ నడిచేది.

అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందని అడుగుతారేమో. నాకు అలవాటు. చదువు రాదని ఈ దేశంలో ఎవరికీ తెలియనివ్వలేదు. ఆఫీసుల్లో కాగితం చేతికిస్తే, "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను" అనేదాన్ని. చర్చిలో బైబిలు తెరిచి పక్కవాళ్ళు పేజీ తిప్పినప్పుడు తిప్పేదాన్ని. నా కూతురికి కూడా చాలా ఏళ్ళు తెలియదు. బతుకంతా, మర్చిపోయాను అన్నది నా అబద్ధం. తీసుకెళ్ళి అతనికి తొడిగాను. అతను నిజమనుకుని వేసుకున్నాడు.

లియాకు తొమ్మిదేళ్ళప్పుడు చర్చి హాల్లో ఆదివారం పిల్లలకు తెలుగు నేర్పడం మొదలుపెట్టారు. దాన్ని దించడానికి వెళ్ళి వెనక బల్ల మీద కూర్చునేదాన్ని. అది రెండు నెలలకే మానేసింది. నేను మానలేదు. పిల్లలు "ఓమా వచ్చింది, ఓమా వచ్చింది" అని నవ్వేవాళ్ళు. ఓమా అంటే జర్మన్‌లో అవ్వ. బైబిలు చదువుకుందామని నేర్చుకుంటున్నానని అందరికీ చెప్పాను. ప్రసాదు నాకు లావు గీతల పుస్తకం, మెత్తటి పెన్సిళ్ళు కొనిపెట్టాడు. సాయంత్రాలు పక్కన కూర్చుని ఒత్తులు దిద్దించాడు. నా చెయ్యి పట్టుకుని దిద్దించాడు. ఆ చెయ్యి ఇదే. ఆ చేత్తోనే ఇది రాస్తున్నాను.

పోయిన వారం లియా ఇంటికొచ్చింది. ఇప్పుడు దానికి పందొమ్మిది. యూనివర్సిటీ స్నేహితులతో కలిసి సీజన్ పాస్ కొంటుందట. చలికాలానికి ఒక పాత కారు చూసుకుంది. వంటింటి బల్ల దగ్గర ఫోనులో ఫొటోలు చూపిస్తూ తండ్రిని బతిమాలింది.

"పప్పా, బిట్టే! ఒక్కసారి వచ్చి కింద తుప్పుందేమో చూడు. నీకు తెలిసినంత ఎవరికి తెలుసు?"

"మెకానిక్‌కి చూపించు లియా."

"మెకానిక్ ఎవరో! నువ్వు నా పప్పావి."

"నా కళ్ళను నమ్మకమ్మా" అన్నాడు. "నేను మర్చిపోయే మనిషిని."

మామూలుగా అన్నాడు. బాధగా కూడా కాదు. ఎవరైనా మాది గుంటూరు అని చెప్పినట్టు. లియా వేలితో కనుబొమ్మ తడుముకుంది, దానికి తెలియకుండానే. అతను చూశాడు. లేచి వెళ్ళి పొయ్యి మీటలు ముట్టుకున్నాడు. వరసగా. పొయ్యి వెలిగించిన వాళ్ళెవరూ లేరు. నేను అక్కడే చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను.

ఆ పిల్ల కొండెక్కుతుంది. ఆ బండి కింద ఏముందో చూడగలిగిన కళ్ళు ఈ ఇంట్లోనే ఉన్నాయి. వాటిని మూసింది నేను. ఇంకా ఊరుకుంటే, రేపు ఆ పిల్లకేమైనా అయితే, దానికి కూడా మర్చిపోయాడనే పేరు పెడతానా?

ఈ ఉదయం కూర్చున్నాను. రాస్తుంటే కాస్త ఊపిరి ఆడుతోంది. ఇది క్షమాపణ కాదని తెలుసు. పన్నెండేళ్ళు ఒక మనిషి తన చేతుల్ని తను నమ్ముకోకుండా చేసినదానికి క్షమాపణ ఏముంటుంది? చెప్పగానే అతను మళ్ళీ పాత మనిషైపోతాడా? యాభై దాటాడు. నా మీద కోపం రావచ్చు. రావాలి కూడా. ఎస్తేరు నా మొహం చూడకపోవచ్చు. వృద్ధాశ్రమంలో పెట్టినా పెడతారు. ఇవన్నీ ఆలోచించే రాస్తున్నాను.

ఇప్పుడే కింద తలుపు వేసిన చప్పుడైంది. ప్రసాదు ఆఫీసుకు బయల్దేరాడు. గేటు దాకా వెళ్తాడు. మళ్ళీ వస్తాడు, తలుపు చూసుకోవడానికి. రోజూ ఆ మెట్ల చప్పుడు వినగానే నేను గదిలోకి వెళ్ళిపోతాను, పిడి లాగే చప్పుడు వినలేక. ఈ రోజు వెళ్ళి తలుపు తీసి నిలబడతాను. నోరు రాకపోతే ఈ కాగితం చేతికిస్తాను. నా రాత అతను చదవగలడు, దిద్దించింది తనే కదా. అతను ఏమంటాడో ఇక్కడ రాయను. అది అతనిది.

నాది ఇంతే. ఆ చోటు ఖాళీగా లేదు. పెట్టె ఉంది. ప్రసాదు పెట్టాడు. నేను తీశాను.

మెట్లెక్కుతున్నాడు.